ముద్రణకు వెళ్లే బొమ్మకు రంగులు: ఆర్‌జీబీ, సీఎంవైకే, స్పాట్ కలర్‌లలో ఏది ఎప్పుడు?

తెర మీద నిండుగా కనిపించిన నీలం అచ్చులో ఊదాకు తిరిగినప్పుడు, లేత ఆకుపచ్చ మసకబారినప్పుడు మన అనుమానం ముందుగా ప్రెస్సు మీదికే వెళ్తుంది. ఆ మార్పు చాలాసార్లు ప్లేట్లు (ఒక్కో సిరాకు ఒక్కో అచ్చు పలక) తయారు కావడానికి ముందే, ఫైలును ఆర్‌జీబీ (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల లెక్క) నుంచి సీఎంవైకేకు (సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్ అనే నాలుగు సిరాల లెక్క) మార్చిన క్షణంలోనే జరిగిపోయి ఉంటుంది. ఒక పుస్తకం అట్ట మీది సాయంకాలపు ఆకాశం విషయంలో నాకు ఇదే అనుభవమైంది. నేను పంపిన ఫైలులోనే నీలంలో మెజెంటా పాలు దాదాపు సయాన్‌తో సమానంగా ఉంది. యంత్రం ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు అచ్చువేసింది. అప్పటి నుంచి కాగితం ఏమిటో, యంత్రం ఏమిటో తెలిసేదాకా ఏ ఫైలునూ సీఎంవైకేలోకి మార్చడం మానేశాను.

ఫోటోషాప్, గింప్, క్రీటా, అఫినిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లలో ముద్రణ కోసం రంగులు సిద్ధం చేసేవారి ముందు నాలుగు దారులున్నాయి: మొదటి నుంచీ సీఎంవైకేలోనే రంగులు వేయడం, ఆర్‌జీబీలో పని పూర్తిచేసి చివర సీఎంవైకేకు మార్చడం, ప్రొఫైల్ (రంగు అంకెల అర్థం చెప్పే సమాచారం) జతచేసిన ఆర్‌జీబీ ఫైలునే ప్రెస్సుకు ఇచ్చి మార్పును వారికి వదిలేయడం, నాలుగు సిరాలకు బదులుగానో అదనంగానో స్పాట్ కలర్లు (ఒక్కో రంగుకు విడిగా కలిపిన సిరా) వాడడం. వీటిలో ఏదీ అందరికీ మంచిది కాదు. ఏది ఎవరికి నప్పుతుందో చూసే ముందు, ఎంపికను నిర్ణయించే అంశాలను తేల్చుకోవాలి.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా పెద్దది కాగితం. ఒకే సీఎంవైకే అంకెలు రెండు రకాల కాగితాల మీద రెండు వేర్వేరు రంగులుగా కనిపిస్తాయి. పూత ఉన్న ఆర్ట్ పేపర్ సిరాను పైనే నిలుపుకుంటుంది. పూత లేని కాగితం దాన్ని పీల్చుకుంటుంది కనుక అచ్చులో రంగును ఏర్పరచే సిరా చుక్క వెడల్పవుతుంది, రంగు లోతు తగ్గుతుంది. ఫైలులో 50 శాతంగా ఉన్న చుక్క పూత కాగితం మీద కూడా 60 శాతం దాటినట్టు కనిపిస్తుంది, దీన్నే డాట్ గెయిన్ అంటారు. ఒకచోట పడగల నాలుగు సిరాల మొత్తానికి కూడా హద్దు ఉంది: షీట్‌ఫెడ్ ఆఫ్‌సెట్‌లో (విడి షీట్ల మీద ప్లేట్లతో అచ్చువేసే పద్ధతి) పూత కాగితానికి సాధారణంగా 300 నుంచి 330 శాతం, వార్తాపత్రిక కాగితానికి 220 నుంచి 240 శాతం. హద్దు దాటితే సిరా త్వరగా ఆరదు, ఒక షీటు మీది సిరా పైషీటు వెనుకకు అంటుకుంటుంది, నీడల్లోని వివరాలు ముద్దకట్టుకుపోతాయి.

ఈ లక్షణాలన్నిటినీ పట్టి ఉంచేది ఐసీసీ ప్రొఫైల్. జర్మనీ ముద్రణ పరిశోధన సంస్థ ఫోగ్రా ఇచ్చిన ఫోగ్రా39 కొలతలతో తయారైన ఐఎస్ఓ కోటెడ్ వీ2 పూత కాగితానికి ఉద్దేశించినది, దాని సిరా హద్దు 330 శాతం. ఫోగ్రా52 కొలతలతో తయారైన పీఎస్ఓ అన్‌కోటెడ్ వీ3 పూత లేని కాగితానికి ఉద్దేశించినది. కాబట్టి "మా ఫైలు సీఎంవైకేలోనే ఉంది" అన్నది సగం సమాచారం మాత్రమే. ఫోటోషాప్‌లో ఉత్తర అమెరికా సాధారణ సెట్టింగులను ముట్టుకోకుండా వదిలేస్తే సీఎంవైకే స్థానంలో యూఎస్ వెబ్ కోటెడ్ స్వాప్ వీ2 ఉంటుంది. అది రీలు కాగితం మీద పత్రికలు అచ్చువేసే అమెరికా పద్ధతికి చెందిన ప్రొఫైల్. దాన్ని ఎవరూ కావాలని ఎంచుకోకపోయినా, మెనూలో సీఎంవైకే అన్న మాట నొక్కినందుకే అది ఫైలులోకి వచ్చి కూర్చుంటుంది.

రెండో అంశం బొమ్మ స్వభావం. ఛాయాచిత్రంలో రంగులు ఒకదానిలోకి ఒకటి మెల్లగా జారుతాయి, అక్కడ కచ్చితమైన సిరా పాళ్ల కన్నా మొత్తం చూపు ముఖ్యం. నల్ల గీతల మధ్య నిండు రంగులు పరిచిన బొమ్మలో ప్రతి గడికీ ఒక నిర్దిష్టమైన పాళ్ల లెక్క ఉంటుంది, గీత పదును చెడితే బొమ్మే చెడుతుంది. మూడోది, అదే బొమ్మ మళ్లీ వెబ్‌లోనో వేరే కాగితం మీదో కనిపించాలా అన్నది. నాలుగోది బాధ్యత: రంగుల మార్పు మీ చేతిలో జరగాలా, ప్రెస్సులో జరగాలా?

## ఒక్క చూపులో నాలుగు దారులు

| అంశం | మొదటి నుంచీ సీఎంవైకే | ఆర్‌జీబీలో పని, చివర మార్పు | ఆర్‌జీబీ అప్పగింత | స్పాట్ కలర్ |
|---|---|---|---|---|
| రంగుల పరిధి | ఎంచుకున్న కాగితానికే పరిమితం | పని సాగినంతకాలం విశాలం | ప్రెస్సు యంత్రం ఇవ్వగలిగినంత | ఆ ఒక్క సిరా వరకు సీఎంవైకేను దాటగలదు |
| సిరా పాళ్ల మీద పట్టు | పూర్తిగా | మార్పు తర్వాత మాత్రమే | దాదాపు లేదు | పూర్తిగా |
| కాగితం మారితే | పని చాలావరకు మళ్లీ చేయాలి | అసలు ఫైలు నుంచి మళ్లీ మార్చితే చాలు | ఫైలు మార్చనక్కరలేదు | కొత్త కాగితం మీది నమూనా చూడాలి |
| నల్ల గీతలు, అక్షరాలు | ఒక్క బ్లాక్‌లో ఉంచవచ్చు | విడిగా జాగ్రత్త పడాలి | నాలుగు సిరాల్లోకి చీలే ప్రమాదం | సిరా ఒక్కటే, గీత పదునుగా వస్తుంది |
| వెబ్ వాడకం | నప్పదు | నప్పుతుంది | నప్పుతుంది | విడిగా తయారుచేయాలి |

## ఆర్‌జీబీలో పని చేసి చివర మార్చడం

ఎక్కువమందికి నేను సూచించే దారి ఇదే. ఎందుకంటే సీఎంవైకేకు మారినప్పుడు పరిధి బయట ఉన్న రంగులు కోసుకుపోతాయి, తిరిగి ఆర్‌జీబీకి మార్చినా అవి వెనక్కి రావు. అసలు ఫైలును ఆర్‌జీబీలో పొరలతో సహా భద్రపరచి, ప్రతి అచ్చుకూ దాని నకలును మార్చుకుంటే ఆ నష్టం నకలుకే పరిమితమవుతుంది.

ఏ ఆర్‌జీబీలో పని చేయాలన్నది ఇక్కడ వెంటనే ఎదురయ్యే ప్రశ్న. సీఎంవైకే పరిధి ఎప్పుడూ ఆర్‌జీబీకి లోపలే ఉంటుందన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు మామూలు తెరలను దృష్టిలో పెట్టుకుని ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీలో, ఆర్ట్ పేపర్ మీద అచ్చయ్యే స్వచ్ఛమైన సయాన్ ఇమడదు. సముద్రం, ఆకాశం, పచ్చదనం ఎక్కువగా ఉన్న బొమ్మను ఎస్‌ఆర్‌జీబీలో సిద్ధం చేస్తే సిరా ఇవ్వగలిగిన రంగులను కూడా మనమే ముందుగా వదులుకున్నట్టవుతుంది. అటువంటి పనికి అడోబీ ఆర్‌జీబీ 1998 మేలు. ప్రోఫోటో ఆర్‌జీబీ ఇంకా విశాలమైనది గాని, దాన్ని 16 బిట్లలోనే వాడాలి. 8 బిట్ల ఫైలులో ఒక్కో ఛానెల్‌కు ఉండే 256 మెట్లు అంత పరిధికి చాలక ఆకాశంలో చారలు తేలుతాయి.

మార్చడానికి ముందు సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చు ఎలా వస్తుందో తెర మీదే చూపే అనుకరణ, చూడాలి. ప్రెస్సు చెప్పిన ప్రొఫైల్‌ను ప్రూఫ్ సెటప్‌లో ఎంచుకుని కాగితపు తెలుపును కూడా అనుకరించమంటే బొమ్మ ఒక్కసారిగా వెలిసిపోయినట్టు అనిపిస్తుంది. ఆ మార్పు జరిగే క్షణంలో తెర వైపు చూడకుండా, తర్వాత చూస్తే కన్ను సర్దుకుంటుంది. తెర క్రమాంకనం (రంగులు సరిగా చూపేలా సర్దడం) కాకపోయినా, వెలుతురు మరీ ఎక్కువగా ఉన్నా ఈ పరీక్షకు విలువ ఉండదు. గామట్ వార్నింగ్ (అచ్చు పరిధి దాటిన రంగుల హెచ్చరిక) బూడిద రంగుతో గుర్తుపెట్టిన చోట్లన్నిటినీ సరిచేయాలని లేదు. ముఖంలోనో దుస్తుల మడతల్లోనో వివరం పోతుంటే మాత్రం ఆ భాగం వరకే రంగు గాఢతను తగ్గించాలి. నీలం విషయంలో గాఢత కన్నా దిశ ముఖ్యం: సయాన్ కంటే మెజెంటా కనీసం 30 పాళ్లు తక్కువగా ఉంటే తప్ప అది నీలంగా నిలవదు.

తర్వాత నకలు ఫైలులోని పొరలన్నీ కలిపి, కన్వర్ట్ టు ప్రొఫైల్ ద్వారా మార్చాలి. దాని పక్కనే ఉండే అసైన్ ప్రొఫైల్‌తో దీన్ని పొరబడవద్దు. కన్వర్ట్ చేస్తే రంగు చూపును కాపాడడానికి అంకెలు మారతాయి. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి చూపు మారిపోతుంది. రెండరింగ్ ఇంటెంట్‌లో (పరిధి బయటి రంగులను ఎలా సర్దాలన్న ఎంపిక) నేను ముందుగా బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో (నలుపు లోతును కొత్త పరిధికి సర్దే సదుపాయం) రిలేటివ్ కలర్‌మెట్రిక్‌ను ప్రయత్నిస్తాను. అది పరిధిలో ఉన్న రంగులను దాదాపు కదపదు, బయట ఉన్నవాటిని అంచుకు తెచ్చి ఆపుతుంది. గాఢమైన ఎర్రపువ్వు రేకుల మధ్య తేడాలు చెరిగిపోయినట్టు కనిపిస్తే అప్పుడు పర్సెప్చువల్‌కు వెళ్తాను. అది మొత్తం బొమ్మను కొంత కుదించి రంగుల మధ్య దూరాలను నిలుపుతుంది.

మారిన తర్వాత అంకెలు చూడడం అలవాటు చేసుకోవాలి. తటస్థమైన బూడిదలో సయాన్ 50 ఉంటే మెజెంటా, యెల్లో 40 దగ్గర ఉండాలి. మూడూ సమానంగా ఉంటే అచ్చులో ఎర్రదనం తొంగిచూస్తుంది. చర్మంలో యెల్లో మెజెంటాకు సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉండి, సయాన్ మెజెంటాలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటే చాలావరకు సహజంగా వస్తుంది. ఛాయను బట్టి సయాన్ పెరుగుతుంది.

## మొదటి నుంచీ సీఎంవైకేలో

ఈ దారిని పాతబడిన పద్ధతిగా కొట్టిపారేయడం నాకు నచ్చదు. నిండు రంగుల బొమ్మలు వేసేవారికి ఇందులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది: అచ్చయిన టింట్ చార్టును (రకరకాల సిరా పాళ్లను గళ్లుగా చూపే పట్టిక) పక్కన పెట్టుకుని, అందులోని గడిని చూసి, అదే పాళ్లను ఫైలులో వేయవచ్చు. పసుపు కావాలంటే మెజెంటా 10, యెల్లో 90 అని రాసుకుంటే చాలు, తెర ఎలా చూపించినా ఇబ్బంది లేదు. పాళ్లు ఐదులలోనో పదులలోనో ఉంచుకుంటే గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోటోషాప్‌లో ఫిల్టర్ గ్యాలరీ వంటివి సీఎంవైకేలో పనిచేయవు, పొరలను కలిపే బ్లెండ్ మోడ్‌లు ఆర్‌జీబీలో ఇచ్చిన ఫలితాన్నే ఇవ్వవు. అన్నిటికన్నా పెద్ద నష్టం కాగితం మారినప్పుడు తెలుస్తుంది. ఒక సీఎంవైకే ప్రొఫైల్ నుంచి మరొకదానికి మామూలుగా మార్చితే, ఒక్క బ్లాక్‌లో ఉన్న గీత కూడా నాలుగు సిరాల్లోకి చీలిపోతుంది, శుభ్రంగా ఉన్న పసుపులోకి సయాన్ చొరబడుతుంది.

గీతల బొమ్మకు రంగు వేసేవారికి రెండు దారులనూ కలిపిన పద్ధతే మేలని నా అనుభవం. గీతలను 1200 పీపీఐలో (అంగుళానికి అన్ని పిక్సెళ్లు) నలుపు తెలుపుగా విడిగా ఉంచాలి. వాటి కింద మొదట ఫ్లాట్లు పరచాలి, అంటే ప్రతి భాగానికీ ఒక్కో నిండు రంగు. ఈ దశలో యాంటీ ఎలియాసింగ్ (అంచులను మెత్తబరచే సదుపాయం) ఆపేసి, రంగుల హద్దులను గీత అంచు దగ్గర ఆపకుండా గీత మధ్య దాకా జరపాలి. ఇలా చేస్తే ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా గీతకూ రంగుకూ మధ్య తెల్లని సందు కనిపించదు. ఫ్లాట్ల పొరను చివరిదాకా విడిగా దాచుకుంటే, మ్యాజిక్ వాండ్ టాలరెన్స్‌ను సున్నాకు తగ్గించి ఏ భాగాన్నయినా ఒక్క నొక్కుతో ఎంచుకోవచ్చు. నీడలు, వెలుగులు అన్నీ ఆర్‌జీబీలో వేసి, రంగుల పొరలను మాత్రమే కలిపి సీఎంవైకేకు మార్చి, ఆ తర్వాతే గీతలను సయాన్, మెజెంటా, యెల్లో సున్నాలుగా, బ్లాక్ 100గా మల్టిప్లై పొరలో పైన ఉంచాలి. అప్పుడు గీత ఒక్క ప్లేటు మీదే ఉంటుంది, కింది రంగును తొలగించకుండా దాని మీదే అచ్చవుతుంది (ఓవర్‌ప్రింట్). గీతలతో సహా మొత్తం బొమ్మను మార్చినవారి పుస్తకాల్లో, రిజిస్ట్రేషన్ (ప్లేట్ల పొందిక) కొద్దిగా తప్పిన పేజీలో, ప్రతి గీతకూ ఒక పక్క ఎర్రని, మరో పక్క నీలి జాడ కనిపిస్తుంది. నెలల తరబడి గీసిన చేతిపనికి అలా జరగడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అది పూర్తిగా తప్పించుకోగలిగినది.

## నలుపు గురించి విడిగా

ఆర్‌జీబీలో సున్నా, సున్నా, సున్నాగా ఉన్న నలుపు స్వాప్ వీ2 ప్రొఫైల్‌లోకి మారితే సయాన్ 75, మెజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. మొత్తం 300 శాతం. ఛాయాచిత్రపు నీడకు ఇది సరిపోతుంది, సన్నని అక్షరానికి మాత్రం ముప్పే. అలాగని పెద్ద నల్లని ప్రదేశాన్ని ఒక్క బ్లాక్‌తో నింపితే అచ్చులో ముదురు బూడిదలా తేలిపోతుంది. అక్షరాలకు, గీతలకు బ్లాక్ 100 మాత్రమే. పెద్ద నల్ల ప్రదేశాలకు సయాన్ 60, మెజెంటా 40, యెల్లో 40, బ్లాక్ 100 వంటి కలయిక, అదీ మొత్తం 240 శాతమే కనుక చాలా కాగితాలకు ఇబ్బంది పెట్టదు. వార్తాపత్రిక కాగితానికి మాత్రం ఇంకా తగ్గించమని అడగవచ్చు. గీతల బొమ్మలో పెద్ద నల్ల భాగం కింద రెండు వేర్వేరు రంగులు పడితే ఆ హద్దు నలుపులోంచి లీలగా కనిపిస్తుంది, కాబట్టి ఆ భాగం కింద ఒకే సయాన్ పాలును సమంగా పరచడం మంచిది.

## ఆర్‌జీబీ ఫైలునే అప్పగించడం

ఇంక్‌జెట్‌లో కళాఖండాల ప్రతులు, ఫోటో ప్రింట్లు తీసేవారికి ఇదే సరైన దారి. ఫోటో ఇంక్‌జెట్ డ్రైవర్లు ఆర్‌జీబీనే ఆశిస్తాయి, వాటి సిరాలు నాలుగుకు మించి ఉంటాయి. ముందే సీఎంవైకేకు మార్చి పంపితే ఆ అదనపు పరిధిని వృథా చేసినట్టే. ఆఫ్‌సెట్‌లోనూ, ముద్రణకు ఫైళ్లు అప్పగించే పీడీఎఫ్ రకాల్లో ఒకటైన పీడీఎఫ్ ఎక్స్4 పద్ధతి ప్రొఫైల్ ఉన్న ఆర్‌జీబీ బొమ్మలను అనుమతిస్తుంది. పీడీఎఫ్ ఎక్స్1ఏ అనుమతించదు. అందులో అంతా సీఎంవైకేలోనో స్పాట్ కలర్‌లోనో ఉండాలి. ప్రెస్సు ఏ పద్ధతి అడుగుతోందన్న దాన్ని బట్టే వారు ఆర్‌జీబీతో పని చేయగలరో లేదో చాలావరకు తెలిసిపోతుంది. మార్పు ఎవరు చేస్తారో, ఏ ఇంటెంట్‌తో చేస్తారో చెప్పలేని చోట మాత్రం ఈ దారి పట్టవద్దు.

## స్పాట్ కలర్

ముందే కలిపి తెచ్చిన ఒకే సిరాతో అచ్చయ్యే రంగు ఇది. సంస్థ చిహ్నం ప్రతిసారీ ఒకేలా రావాలన్నా, బంగారు, వెండి, ఫ్లోరసెంట్ రంగులు కావాలన్నా నాలుగు సిరాల కలయిక దీనికి సాటిరాదు. రెండు రంగుల్లోనే అచ్చు వేయాలనుకునే పుస్తకానికి ఇది ఖర్చు తగ్గించే మార్గం కూడా, ఎందుకంటే నాలుగు ప్లేట్లకు బదులు రెండే ఉంటాయి. నాలుగు సిరాలకు పైన అదనంగా వాడితే మాత్రం ఐదో ప్లేటు ఖర్చు తప్పదు.

ఫోటోషాప్‌లో ఛానెల్స్ ప్యానెల్ నుంచి కొత్త స్పాట్ ఛానెల్ తెరిచి అందులోనే రంగు వేయాలి. మామూలు పొర మీద ఆ రంగును ఎంచుకుని వేస్తే అది ఫైలు మోడ్‌లోకి మారిపోతుంది, విడి ప్లేటు రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. తెర మీద కనిపించేది అంచనా మాత్రమే కనుక పాంటోన్ వంటి అచ్చు నమూనాల పుస్తకంలో, పూత ఉన్న కాగితపు గడినీ పూత లేనిదానినీ విడివిడిగా చూసి ఎంచుకోవాలి. 2022లో అడోబీ సాఫ్ట్‌వేర్‌ల నుంచి పాంటోన్ గ్రంథాలయాల్లో ఎక్కువ భాగం తొలగిపోయాయి, వాటికి విడిగా చందా కట్టవలసి వస్తోంది. పాత ఫైళ్లు తెరిచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

## సాఫ్ట్‌వేర్ సంగతి

నాలుగు దారులూ ఒకేచోట కావాలంటే ఫోటోషాప్. అఫినిటీ, క్రీటాలలో సీఎంవైకే పత్రాన్ని నేరుగా తెరిచి పని చేయవచ్చు. క్రీటా ప్రధానంగా చిత్రించేవారి కోసం. గింప్‌లో సీఎంవైకే మోడ్ లేదు, కానీ 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో సీఎంవైకే సాఫ్ట్ ప్రూఫ్ మెరుగుపడింది, టిఫ్, జేపెగ్ ఫైళ్లను సీఎంవైకేలో ఎగుమతి చేయవచ్చు. అంటే రెండో దారికి గింప్ సరిపోతుంది, మొదటి దారికి సరిపోదు. గింప్ వాడేవారు నల్ల గీతలను, అక్షరాలను, స్పాట్ రంగులను పేజీలు కూర్చే స్క్రైబస్ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

ఛాయాచిత్రాల పుస్తకం చేసేవారు అడోబీ ఆర్‌జీబీలో పని చేసి చివర మార్చుకోవాలి. బొమ్మల కథలు, పిల్లల పుస్తకాలు వేసేవారు రంగులకు రెండో దారిని, గీతలకు మొదటి దారిని కలిపి వాడాలి. కాగితం ఖాయమై, నిండు రంగులే ఉన్న పోస్టరుకు మొదటి నుంచీ సీఎంవైకే హాయిగా ఉంటుంది. గోడకు తగిలించే ప్రతులు తీయించే చిత్రకారులు ఆర్‌జీబీ దాటి వెళ్లనక్కరలేదు. ప్రెస్సు ప్రొఫైల్ ఏదో చెప్పలేకపోతే, అదే కాగితం మీద వారు ఇంతకుముందు అచ్చువేసిన పనిని తెప్పించుకుని, పూత ఉన్నదా లేనిదా చూసి, ఐఎస్ఓ కోటెడ్ వీ2, పీఎస్ఓ అన్‌కోటెడ్ వీ3లలో తగినదాన్ని వాడి, ఆ ప్రొఫైల్ పేరును ఫైలు పేరులోనే రాసి పంపాలి.

ఏ దారిలో వెళ్లినా చివరి పీడీఎఫ్‌ను అక్రోబాట్ ప్రోలోని అవుట్‌పుట్ ప్రివ్యూలోనో, స్క్రైబస్ ముద్రణ ప్రివ్యూలోనో తెరిచి ఒక్కో ప్లేటును ఆర్పి చూడాలి. బ్లాక్ ప్లేటును ఆర్పినప్పుడు అక్షరాలు, గీతలు పూర్తిగా మాయం కావాలి. ఎక్కడైనా వాటి నీడ మిగిలితే అది మిగతా మూడు సిరాల్లోకి చీలిందన్నమాట. ఆ పేజీని ప్లేట్లకు పంపకుండా వెనక్కి తెచ్చి, గీతల పొరను మళ్లీ బ్లాక్ 100గా పెట్టాలి.